ఎడమవైపు ఫోటో

జూన్ 3

కోడలు పిల్లకి,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను, నా కుడిచేతి చూపుడువేలు తప్ప. ఆ వేలి గురించే ఈ ఉత్తరం.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావు కదూ? ఫోన్లో నువ్వు కంప్యూటర్ సంగతులు చెబుతుంటే నేను ఊఁ ఊఁ అంటాను. పెట్టేయగానే అంతా ఆవిరైపోతుంది. కాగితం మీద రాసి పంపావనుకో, కీబోర్డు పక్కన పెట్టుకుని ఒక్కో మాటా చదువుకుంటూ చేసుకుంటాను.

నేను ఆస్పత్రిలో ఫోటోలు తీస్తానని నీకు తెలుసు. ఏం ఫోటోలో నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. పై పెదవి చీలి పుట్టే పిల్లలుంటారు చూడు, మొర్రి అంటాం, వాళ్లకి ఆపరేషన్ చేసే వార్డు మాది. ఆపరేషన్‌కి ముందు ఒక ఫోటో, అంతా మానాక ఒక ఫోటో తీస్తాను. మా డాక్టరమ్మది మహా పట్టుదల. ప్రతి బిడ్డ కళ్లూ ఫోటోలో ఒకే ఎత్తున ఉండాలంటుంది. అందుకని కెమెరాలో కనిపించే గీత మీద కళ్లు పడేదాకా నేను బటన్ నొక్కను. బిడ్డ ఏడ్చినా, పాలు కక్కినా, నా ముక్కు పట్టుకుని పీకినా అంతే.

ఇప్పుడావిడకి ఒక ఆలోచన వచ్చింది. ఇన్నేళ్లలో ఇక్కడ బాగయి వెళ్లిన పిల్లలందరినీ తల్లిదండ్రులతో సహా వచ్చే నెల ఒకరోజు పిలుస్తోంది. వచ్చిన ప్రతి కుటుంబానికీ వాళ్ల బిడ్డ ఫోటోలు రెండూ పక్కపక్కన చేర్చి, ఒకే బొమ్మగా ఫ్రేము కట్టించి ఇవ్వాలట. కొన్ని వార్డు గోడకి కూడా. "కొత్తగా బిడ్డనెత్తుకొచ్చిన తల్లి ఆ గోడ చూసిందంటే సగం ఏడుపు ఆపేస్తుంది" అంది. ఆ మాట విన్నాక నేను కాదనలేకపోయాను.

పని మొదలుపెట్టాక తెలిసొచ్చింది. ఎడమ ఫోటో తెరవాలి, దాని పక్కన ఖాళీ చోటు పెంచాలి, కుడి ఫోటో తెరవాలి, కాపీ చెయ్యాలి, తెచ్చి ఆ ఖాళీలో అంటించాలి, సేవ్ చెయ్యాలి, మూసెయ్యాలి. మళ్లీ ఇంకో ఎడమ ఫోటో. వందల మంది పిల్లలు! నొక్కీ నొక్కీ వేలు వాచిపోయింది. పెద్ద సిస్టర్ చూసి, "ఏంటమ్మా, పిల్లలెవరైనా కొరికారా?" అంది.

మీ సోఫాల కంపెనీ క్యాటలాగు కోసం ఒకే గదిలో రకరకాల సోఫాలు పెట్టి బొమ్మలు చేస్తానని, నువ్వు కాఫీ తాగి వచ్చేలోగా కంప్యూటరే అన్నీ చేసి పెడుతుందని ఒకసారి అన్నావు. అదేదో నాకూ నేర్పు.

మావాడికి మాత్రం నా వేలి సంగతి చెప్పకు. రాద్ధాంతం చేస్తాడు.

నీ అత్తయ్య


జూన్ 9

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం ఆఫీసుకి పట్టుకెళ్లాను. కళ్లు గీత మీద పడేదాకా బటన్ నొక్కనన్నారే, ఆ ముక్క మా ఫోటోగ్రాఫర్లకి చదివి వినిపించాను. మా సోఫాలు ఏడవవు, పాలు కక్కవు, పెట్టినచోట పడుంటాయి. అయినా వాటి కాళ్లు ఏ రెండు ఫోటోల్లోనూ ఒక మట్టానికి రావు. వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. మీరు తీసేటప్పుడే అంత జాగ్రత్తగా తీశారు కాబట్టి ఇప్పుడు సర్దడమనే బాధే లేదు. పక్కన పెడితే చాలు, కళ్లు కలుస్తాయి. సగం పని మీరెప్పుడో చేసి పెట్టేశారు.

ఇక మిగతా సగం. మీరు వాడే సాఫ్ట్‌వేర్‌లో 'యాక్షన్స్' అని ఒక చిన్న డబ్బా ఉంటుంది. అందులో ఎర్రటి గుండ్రం బటన్ నొక్కారంటే, అప్పట్నుంచి మీరేం చేస్తే అది గుర్తుపెట్టుకుంటుంది. ఒక జత మామూలుగా చేసి చూపించండి. తొందరేం లేదు. మధ్యలో లేచి మంచినీళ్లు తాగొచ్చినా దానికి పట్టదు. ఏం చేశారన్నదే దానికి కావాలి, ఎంతసేపు చేశారన్నది కాదు. అయ్యాక పక్కనున్న చదరం బటన్ నొక్కి ఆపండి. తర్వాత ఫైల్ మెనూలో 'ఆటోమేట్', దాని లోపల 'బ్యాచ్'. ఎడమ ఫోటోలున్న ఫోల్డర్ చూపించి, ఊఁ అనండి. ఇక అదే చేసుకుపోతుంది. అసలు ఫోటోలు మాత్రం ఇంకోచోట కాపీ పెట్టుకోండి. ముందు అయిదారింటి మీద చేసి చూడండి.

ఒక్కసారి నేర్పారంటే ఇక దానికి మీతో పనుండదు. దర్జాగా అన్నీ వదిలేసి మా దగ్గరకి వచ్చేయండి. మేడ మీద గది ఖాళీగానే ఉంది.

మీ కోడలు


జూన్ 16

కోడలికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఎర్ర గుండ్రం నొక్కాను, ఒక జత చేసి చూపించాను, ఆపాను, బ్యాచ్ అన్నాను. అయిదారింటి మీద చేసి చూడమన్నావు గానీ, నాకు ఆత్రం ఆగలేదు. ఒక ఏడాదిలో వచ్చిన పిల్లలందరి ఫోటోలూ ఇచ్చేసి చేతులు కట్టుకుని కూర్చున్నాను.

చేసింది. ఎడమవైపు ఎవరి బిడ్డ వాళ్లే ఉన్నారు. కుడివైపు మాత్రం అందరికీ ఒకే కుర్రాడు, నేను మొదట చూపించిన జతలోని వాడు. ఆడపిల్లలు కూడా పెరిగి వాడే అయ్యారు! పెద్ద సిస్టర్ పొట్ట పట్టుకుని నవ్వింది. "వీడికెంతమంది తల్లులమ్మా!" అంది. డాక్టరమ్మ వచ్చి చూసి, "నా చేతిపని మరీ ఇంత ఒకేలా ఉంటుందనుకోలేదే" అంది. వార్డులో ఇంతగా నవ్వి చాలా రోజులయింది, ఆ పుణ్యం నీదే.

దానికి నాతో పనుండదన్నావు. ప్రస్తుతానికి ఉన్నట్టే కనిపిస్తోంది. మేడ మీద గదికి కాస్త గాలి ఆడేట్టు కిటికీలు తీసి ఉంచుకోండి. నేనైతే ఇప్పట్లో రాను. నిన్న మావాడు కూడా ఫోన్ చేసి అదే పాట. "చాల్లేమ్మా, ఇంకెన్నాళ్లు చేస్తావ్, మానెయ్" అంటాడు. ఇద్దరూ కూడబలుక్కున్నట్టున్నారు.

ఇట్లు,
అత్తయ్య


జూన్ 22

అత్తయ్యగారికి నమస్కారాలు.

"ఇట్లు" అన్న మాట చూడగానే మీకు కోపం వచ్చిందని అర్థమైంది. ఎందుకో కూడా అర్థమైంది. అవును, మీ వేలి సంగతి ఆయనకి చెప్పింది నేనే. మీరు వద్దన్నారు. అయినా భోజనాల దగ్గర నోరు జారాను. క్షమించండి. ఆయన ఫోన్ చేస్తారని నిజంగా అనుకోలేదు.

ఒకే కుర్రాడి సంగతికి వస్తాను. అదీ నా పొరపాటే. మా సోఫాలకి గది ఎప్పుడూ ఒకటే, సోఫాలే మారతాయి. మీ పిల్లలకి రెండువైపులా మారతాయి. ఆ తేడా నాకు తట్టలేదు. మీరు కుడి ఫోటో తెరిచినప్పుడు, "పక్క ఫోటో తెరవాలి" అని కాదు, "ఫలానా ఫోటో తెరవాలి" అని అది గుర్తుపెట్టుకుంది. అందుకే ప్రతిసారీ బుద్ధిగా ఆ ఒక్కణ్ణే పిలుచుకొచ్చింది.

ఈ కవర్లో ఒక పెన్‌డ్రైవ్ పెట్టాను. అందులో నేను రాసిన చిన్న ప్రోగ్రాం ఉంది. దాన్ని తెరిస్తే రెండు ఫోల్డర్లు అడుగుతుంది. 'ముందు' ఫోటోలున్నది ఒకటి, 'తర్వాత' ఫోటోలున్నది ఒకటి. ఇందులో మొదటిది, అందులో మొదటిది తీసి పక్కపక్కన పెడుతుంది. తర్వాత ఇందులో రెండోది, అందులో రెండోది. అలా చివరిదాకా. ఇది రాస్తుంటే మా మేనేజరు వెనక నిలబడి, "మన సోఫాలకి ముందూ తర్వాతా ఏంటి?" అన్నారు. మీ వార్డు గురించి చెప్పాను. "అయితే ముందు అదే కానివ్వమ్మా. సోఫాలెక్కడికీ పారిపోవు" అని వెళ్లిపోయారు.

ఇది నడిచాక మీ వేలికి విశ్రాంతివ్వండి. కొన్నాళ్లపాటు ఏ పనీ పెట్టుకోకండి. నా మాట వినండి.

మీ కోడలు


జూన్ 30

కోడలికి,

వేలి సంగతి నువ్వు చెప్పావని నాకు తెలియనే తెలియదు. నీ ఉత్తరం చూశాకే తెలిసింది. నేను కోప్పడింది ఒకందుకు, నువ్వు క్షమాపణ చెప్పింది ఇంకొకందుకు. ఇప్పుడు రెండింటికీ కలిపి కోప్పడాల్సి వస్తోంది.

నేను ఉద్యోగం వేలితో చేయడం లేదమ్మా. ఆకలేసి గుక్కపట్టిన బిడ్డని, బెదిరిపోయిన తల్లి ఒళ్లో ఉండగానే ఒక్క క్షణం నా వైపు చూసేలా చేసుకోవాలి. ఆ క్షణం నాకు ఏ బటనూ తెచ్చిపెట్టదు. విశ్రాంతి, మేడ మీద గది అని నువ్వు రాసినప్పుడల్లా నన్ను తీసి పక్కన పెడుతున్నట్టే ఉంటుంది. ఇక ఆ మాట ఎత్తకు.

కోపం కోపమే, నిజం నిజమే. నీ ప్రోగ్రాం చూసి నేను నోరెళ్లబెట్టాను. తెరుచుకుంది, ఒక ముఖం వచ్చింది. పక్కన చోటు పెరిగింది, ఆ చోట్లో అదే ముఖం ఎదిగి, మాని, నవ్వుతూ వచ్చి కూర్చుంది. రెండు జతల కళ్లూ ఒకే గీత మీద! మూసుకుంది. ఇంకో ముఖం. నా చెయ్యి బల్ల మీద ఊరికే ఉంది. కాసేపటికి సిస్టర్లందరూ వచ్చి నా వెనక నిలబడ్డారు. డాక్టరమ్మ గుమ్మంలోనే ఆగిపోయి, కళ్లజోడు తీసి తుడుచుకుంది. అన్నీ నేను తీసినవే, ఆవిడ కుట్టినవే. అయినా ఇలా వరసగా మేమిద్దరం ఎప్పుడూ చూసుకోలేదు. ఒకటి తీయడం, ఇంకొకటి తీయడం, ఇదే సరిపోయింది ఇన్నేళ్లూ. చేతికి పని తప్పితే కళ్లకి ఇంత తీరిక చిక్కుతుందని నాకు ఇప్పుడే తెలిసింది. నీ బుర్రలోంచి ఇది పుట్టిందంటే, పిల్లా, నిన్ను మావాడు ఏం చూసి చేసుకున్నాడో గానీ, నేనైతే దీన్ని చూసి చేసుకుందును.

ఆ తీరికలోనే ఒకటి కంటపడింది. ఒక జతలో ఎడమవైపు పాప చెవి తమ్మె విడిగా వేలాడుతోంది. కుడివైపు పాపది చెంపకి అతుక్కుని ఉంది. డాక్టరమ్మ పెదవి కుడుతుంది గానీ చెవి జోలికి పోదు కదా! ఆపి, తర్వాతది చూశాను. అదీ అంతే. అక్కణ్ణుంచి చివరిదాకా ఒకరి బిడ్డ పక్కన ఇంకొకరి బిడ్డ. ఇవే ఫ్రేములు కట్టించి చేతిలో పెట్టి ఉంటే? పరాయి బిడ్డని పక్కన పెట్టి, "ఇదిగో మీ పాప" అంటే ఆ తల్లి మొహం ఎలా చూసేదాన్ని?

ఫ్రేములు కట్టే ఆయనకి ఇవ్వాల్సిన రోజు దగ్గరపడుతోంది. వెంటనే ఫోన్ చెయ్యి. వద్దు, రాయి. ఫోన్లో నాకు కోపం వస్తుంది.

అత్తయ్య


జూలై 5

అత్తయ్యగారికి,

కొరియర్లో పంపుతున్నాను. కొత్త పెన్‌డ్రైవ్ కూడా ఇందులోనే ఉంది.

ఫోటోల తప్పేం లేదు, మీ తప్పు అసలే లేదు. వరసలో కూర్చున్నవాళ్లలో ఒకరు లేచి వెళ్లిపోతే వెనకవాళ్లందరూ ఒక్కో కుర్చీ ముందుకి జరుగుతారు చూడండి, అదే జరిగింది. 'తర్వాత' ఫోల్డర్లో ఎవరిదో ఒక ఫోటో లేదు. ఆ పాపకి వెనకాతల పాప ఫోటో వచ్చి అతుక్కుంది, ఆ వెనకాతల పాపకి దాని వెనకాతల వాళ్లది. వరసని నమ్ముకుని రాయడం నా తెలివితక్కువతనం. కొత్తదానికి వరసతో పని లేదు. ఫోటో పేరులో ఆస్పత్రి నంబరు ఉంటుందని మీరే ఒకసారి ఫోన్లో అన్నారు. ఇది ఆ నంబరు చూసి జత కలుపుతుంది. జత దొరక్కపోతే ఆగి, ఫలానా బిడ్డకి జత లేదని చెబుతుంది. దాని ఇష్టమొచ్చినట్టు ఎవర్నో తెచ్చి కూర్చోబెట్టదు. అయినా చివర్లో మీరొకసారి చెవులు చూడండి. నా ప్రోగ్రాం కంటే నాకు మీ కళ్ల మీదే నమ్మకం. చెవి తమ్మెల సంగతి విని మా ఫోటోగ్రాఫర్లు ముక్కున వేలేసుకున్నారు. ఇప్పుడు ఆఫీసులో ఎవరు కనపడినా నా చూపు ముందు చెవుల మీదకే పోతోంది.

ఆ గది గురించి ఈ ఒక్కసారే రాసి ఊరుకుంటాను. పని మాన్పించడానికి మిమ్మల్ని రమ్మనలేదు అత్తయ్యగారూ. పెళ్లయ్యాక మనిద్దరం కలిసి ఉన్నది ఎన్ని రోజులని? అప్పుడు కూడా నేను మొహమాటంతో వంటింట్లో గిన్నెలు సర్దుతూ ఉన్నాను, మీరు మొహమాటంతో నన్ను సర్దనిచ్చారు. మీరేం పని చేస్తారో అడగాలని కూడా నాకు తోచలేదు. ఈ ఉత్తరాలు రాకపోతే నాకు అత్తయ్య అంటే ఫోన్లో "తిన్నారా" అని అడిగే గొంతు అంతే. మిమ్మల్ని దగ్గర్నుంచి చూడాలనిపించి రమ్మన్నాను. అది సరిగ్గా రాయడం రాక, వేలు, విశ్రాంతి అని ఏవేవో రాశాను.

మీరు రావద్దు లెండి. నేనే వస్తాను. పిల్లలందరూ వచ్చే రోజుకి రాలేను, క్యాటలాగు అచ్చుకి వెళ్లాలి. అది వెళ్లిన మర్నాడే బయల్దేరతాను. మీరు ఫోటో తీస్తుంటే ఒక పూట మూల నిలబడి చూడనిస్తారా?

మీ కోడలు


జూలై 20

మా కోడలు పిల్లకి,

మూల నిలబడటమెందుకు? మూల నిలబడ్డవాళ్లకి ఏమీ కనపడదు. నా పక్కన నిలబడి గిలక్కాయ ఆడించు, పిల్లలు నీ వైపు చూస్తారు. నేనూ రాయడం రాక ఏదేదో రాశాను. గది గురించి నువ్వు రాసిన ఉత్తరాన్ని మళ్లీ తీసి చదివితే అందులో రమ్మనడమే ఉంది, పక్కన పెట్టడం ఎక్కడా లేదు. అది నేను చేర్చుకుని చదివాను.

కొత్త ప్రోగ్రాం చక్కగా పనిచేసింది. అందరికీ ఎవరి జత వాళ్లకి కుదిరింది. చెవులు కూడా చూశాను. మధ్యలో ఒక్కచోట ఆగి ఒక నంబరు చెప్పింది. వెతికి చూస్తే, అదొక పాప. ఆపరేషన్ బాగా జరిగింది. కుట్లు విప్పించుకుని వెళ్లారు. మానాక ఫోటోకి రమ్మంటే రాలేదు. కుడివైపు ఖాళీగా ఉంచి ఫ్రేము కట్టించడానికి నాకు మనసొప్పలేదు. ఎడమ ఫోటో ఒక్కటీ అచ్చు తీసి సొరుగులో పెట్టాను. అందరికీ పంపినట్టే వాళ్లకీ పిలుపు పంపించాం.

ఆ రోజు వార్డు చూడాల్సింది నువ్వు! నా ముక్కు పీకినవాళ్లు ఇప్పుడు మీసాలు పెంచారు. వాళ్ల ఫ్రేములు చూసుకుని ఒకటే నవ్వులు, ఒకటే ఏడుపులు. కొత్తగా చంటిబిడ్డతో వచ్చిన ఒకామె గోడ దగ్గరే చాలాసేపు నిలబడిపోయింది. పెద్ద సిస్టర్ వెళ్లి చెయ్యి పట్టుకుంటే, "మా వాడు కూడా ఇలా అవుతాడా అండీ?" అని అడిగింది. డాక్టరమ్మ అనుకున్నదే జరిగింది.

అందరూ ఫలహారాలకి వెళ్లాక ఒక తల్లీ కూతురూ నా గదికొచ్చారు. పిల్ల పదో తరగతి చదివే వయసులో ఉంది. పెదవి మీద దారప్పోగంత సన్నటి గీత. నంబరు చెప్పగానే గుర్తుపట్టి, నేను సంబరంగా లేచాను.

"రామ్మా, ఆ కుర్చీలో కూర్చో. ఇప్పుడే ఫోటో తీసి జత చేసిచ్చేస్తాను. ఎంతసేపు!"

"వద్దండి" అంది తల్లి. "అప్పుడు కూడా అందుకే రాలేదు."

"ఎందుకమ్మా?"

"మీ గోడ చూశానండి. బాగుంది. కొత్తగా వచ్చేవాళ్లకి ధైర్యం వస్తుంది. కానీ రెండూ పక్కపక్కన పెడితే, చూసేవాళ్లు ఎడమవైపు చూసి అయ్యో అంటారు, కుడివైపు చూసి హమ్మయ్య అంటారు. నేను ముందు ముద్దు పెట్టుకుంది ఆ ఎడమవైపు ముఖాన్నే కదండీ. దాన్ని చూసి ఎవరైనా అయ్యో అంటే నాకు పడదు."

అందుకోబోయిన కెమెరాని వదిలేశాను. ఆవిడే మళ్లీ అంది.

"ఆ ఫోటో ఒక్కటీ ఉంటే ఇవ్వండి. దీని పసిగుడ్డప్పటి ఫోటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. పెదవి బాగయ్యాక తీయిద్దాంలే అన్నారు అందరూ. అప్పటికి పసితనం దాటిపోయింది."

అప్పుడు తట్టింది నాకు. ఫలహారాల దగ్గరకెళ్లి ఒక్కొక్కరినీ అడిగాను. చాలామంది ఇళ్లలో అంతే. పుట్టిన మొదటి నెలల ఫోటో లేదు. ఎవరూ తీయలేదు, తీయనివ్వలేదు. నేను డాక్టరమ్మ కోసమని తీసినదే ఆ బిడ్డల పసితనానికి మిగిలిన ఒకే ఒక్క ఫోటో. ఆ సంగతి తెలియకుండానే ఇన్నేళ్లూ తీశాను. తెలిసి ఉంటే ఇంకా బాగా తీసేదాన్నా? ఏమో. కళ్లైతే గీత మీదే ఉన్నాయి.

మర్నాడు నేనే కూర్చుని ఎర్ర గుండ్రం నొక్కాను. ఒక ఎడమ ఫోటో తీసుకుని, పెద్దది చేసి, అంచులు సరిచేసి చూపించాను. ఇందులో మారేది ఒక్క ఫోటోనే కాబట్టి నువ్వు మొదట నేర్పిన పద్ధతే సరిపోయింది. మిగతావన్నీ అదే చేసింది. నేను చేతులు కట్టుకుని, ఈసారి ఎడమవైపు వాళ్లనే చూస్తూ కూర్చున్నాను. కావాలన్న ప్రతి ఇంటికీ పంపిస్తున్నాం. డాక్టరమ్మకి చెబితే, "నేను ఎప్పుడూ కుడివైపే చూసుకున్నాను" అంది. ఇప్పుడు కొత్తగా బిడ్డతో వచ్చిన తల్లికి మొదటిరోజే ఒక ఫోటో చేతికివ్వమంటోంది, ఆపరేషన్ కోసం కాదు, ఇంట్లో పెట్టుకోవడానికి. నువ్వొచ్చాక ఆ పని ఇద్దరం మొదలుపెడదాం.

ఆ పిల్ల ఏమందో రాయనేలేదు కదూ. సొరుగులోంచి తీసి ఫోటో ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. దాని చూపు పెదవి దగ్గర ఆగలేదు. ఇంకా పైకి వెళ్లింది.

"అమ్మా! నాకు పుట్టినప్పుడే ఇంత జుట్టుందా!" అంది.

నీ అత్తయ్య